పాత పెంకుటింట్లోనే లగ్గం: వైశాఖం నాటికి ఇల్లు తయారు కావాలంటే ఏ పని ముందు?

దేవరకొండ పెంకుటిల్లు

అందరికీ నమస్కారం. చెల్లె లగ్గం వైశాఖంలో. ఫంక్షన్ హాలు వద్దు, ఇంటి ముందే పందిరి వేద్దామని పెద్దలు ఖాయం చేసిన్రు. చేతిలో మూడున్నర నెలలున్నాయి. ఇంటి ముందు భాగం మట్టి గోడలు, మంగళూరు పెంకలు: రెండు అర్రలు, నడుమ వసారా. వెనుక తర్వాత కట్టిన రెండు స్లాబు గదులు, వంటిల్లు, స్నానాల గది, ఒకే మరుగుదొడ్డి. కింద అంతా షాబాద్ బండలు. సింగిల్ ఫేజు కరెంటు, చెక్క బద్దీల మీద పాత వైరింగు. 1.5 హెచ్‌పీ బోరు మోటరు, మిషన్ భగీరథ తాగునీటి నల్లా ఉన్నాయి. రాత్రి పండుకునేటోళ్లు 40 మంది, భోజనాలకు 500.

కప్పు రెండు చోట్ల కురుస్తది. ముందటి గోడకు కింది నుంచి మూడు అడుగుల దాకా చెమ్మ, రంగు పెచ్చులూడుతున్నది. ఇంట్లో అందరూ ముందు రంగులు వేయించమంటున్నరు. ఎక్కడ మొదలుపెట్టాలె?

పాలమూరు సుతారి

అన్నా, రంగు ఆఖరి పని. పని పైనుంచి కిందికి రావాలె: కప్పు, గోడలు, మోరీలు, కరెంటు, బండలు, ఆ తర్వాత సున్నాలు. లగ్గానికి పది రోజుల ముందు ఇంట్లో ఒక్క తాపీ కూడా కనబడొద్దు. ఎందుకంటే చుట్టాలు మూడు రోజుల ముందే దిగుతరు, పోచమ్మ బోనం అంతకన్నా ముందుంటది.

ముందుగాల గోడల పగుళ్లు చూడుండ్రి. వెంట్రుక మందం పగులు పైపూత పగులు, దానికి భయం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకి, వేలు పట్టేంత వెడల్పుంటే పునాది కుంగుతున్నట్టు. నల్లరేగడి నేలల్లో ఇది ఎక్కువ, వానకు ఉబ్బుతది, ఎండకు కుంచుకుంటది. అది ఇంకా కదులుతున్నదా లేదా తెలుసుకోవాలంటే పగులుకు అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద ఒకటి పెట్టి మీద తారీఖు రాయండి. నెలలో ముద్ద చిట్లితే కదులుతున్నట్టే. ఆ గోడ పక్కన మంచాలు వేయొద్దు, ఇంజనీరుకు చూపించాలె.

ఇగ మట్టి గోడకు సిమెంటు పూత వేయొద్దు. అందరూ చేసే తప్పు ఇదే. మట్టి గోడ చెమ్మ పీల్చుకుంటది, మళ్ల బయటికి వదులుతది. సిమెంటు ఆ దారి మూసేస్తది. లోపల మట్టి మెత్తబడుతది, రెండు మూడు వానాకాలాలకు పూత పలకలు పలకలుగా ఊడి వస్తది, ఊడేటప్పుడు మట్టిని కూడా పట్టుకొస్తది. కోడి జాలీ కొట్టి సిమెంటు వేసినా ఇదే కథ.

మట్టి గోడకు మట్టే వేయాలె. జల్లెడ పట్టిన ఎర్రమన్ను 3 పాళ్లు, ఇసుక 1 పాలు, రెండంగుళాల ముక్కలుగా నరికిన వరిగడ్డి, కొంచెం పెండ కలిపి వారం నానబెట్టి రోజూ తొక్కాలె. నల్లమన్ను వద్దు, ఆరంగనే చీలుతది. పాత వదులు పూత గీకేసి, గోడ మీద నీళ్లు చిలకరించి, అర అంగుళం మించకుండా పూయండి. అది పూర్తిగా ఆరినంక సున్నం ఒకటికి ఇసుక మూడు పాళ్లతో పలుచని పూత. సున్నపు పూత గాలికి నెమ్మదిగా గట్టిపడుతది కాబట్టి నాలుగైదు రోజులు నీడ, తడి చూపించాలె. ఎండ ముదరకముందే, అంటే మాఘంలోనే ఈ పని ముగియాలె.

వడ్ల పని

పెంకటింటికి మీద నుంచి కాదు, కింద నుంచి పరీక్ష. దూలం గోడలో దిగే చోటు, వాసాల చూరు కొసలు, నిట్టాడు అడుగు: ఈ మూడు చోట్ల స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. పావు అంగుళం లోపు ఆగితే కట్టె బాగున్నట్టు. మెత్తగా దిగితే లోపల పుచ్చింది లేదా చెదలు తిన్నది. సుత్తితో కొట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చినా అంతే. మొత్తం మార్చనక్కర్లేదు. వాసం కొసలు పోతే పక్కనే మూడు అడుగుల కొత్త ముక్క జత చేసి, రెండు 10 ఎంఎం బోల్టులు బిగిస్తే చాలు. దూలం పుచ్చితే మాత్రం కింద ఇనుప జాకీలు పెట్టకుండా చెయ్యి వేయొద్దు.

మంగళూరు పెంకలు చదరపు మీటరుకు సుమారు 15 పడతాయి. పగిలినవి లెక్కపెట్టి, పైన పదో వంతు ఎక్కువ తెప్పించండి. పాత అచ్చు, కొత్త అచ్చు ఒకదాంట్లో ఒకటి కూర్చోవు. ఆ సందు నుంచే కురుస్తది. కొత్తవన్నీ ఒక పక్కకు, పాతవన్నీ ఒక పక్కకు వేస్తే ఈ బాధ ఉండదు. నడికప్పు మీది పెంకలకు వేసే గార చిట్లితే అది తీసేసి సున్నం, ఇసుక, కొంచెం సిమెంటు కలిపి మళ్లీ కట్టాలె. మీ ఇంట్లో రెండు చోట్ల కురుస్తున్నదంటే ఒకటి పెంకటిల్లు, స్లాబు కలిసే చోటే అయి ఉంటది. అక్కడ పెంకల కిందికి ఆరంగుళాలు, స్లాబు గోడ మీదికి ఆరంగుళాలు పోయేటట్టు జింకు రేకు కాలువ పెట్టించండి. తారు, కవరు పెడితే ఒక్క ఎండాకాలానికి పోతది.

చెదలకు ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు, లీటరు నీళ్లకు 2.1 మిల్లీలీటర్లు. గోడ, నేల కలిసే గీత వెంట అడుగుకొక రంధ్రం చేసి పోస్తరు. బోరు, తాగే నీళ్ల సంపు పక్కన పోయనీయొద్దు. చుట్టాలు రావడానికి కనీసం మూడు వారాల ముందే అయిపోవాలె.

దేవరకొండ పెంకుటిల్లు

బోరు అవతలి పక్క కాబట్టి మందుకు ఇబ్బంది లేదు. చెమ్మ ఉన్న మూడు అడుగులకు టైల్స్ అతికిస్తే చూడ్డానికి బాగుంటదని మా మేనమామ అంటున్నడు. చేయొచ్చా?

పాలమూరు సుతారి

వద్దు. టైలు వెనక చెమ్మ ఆగదు, ఇంకా పైకి ఎక్కుతది. ఇప్పుడు మూడు అడుగుల దగ్గరున్న గీత అప్పుడు ఐదు అడుగులకు పోతది.

ఒక ముచ్చట చెప్పండి: మీ ఇంటి ముందు సీసీ రోడ్డు మీ గచ్చుకన్నా ఎత్తుగా ఉందా? మన ఊళ్లల్ల రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదనే వేసి ఆరంగుళాలు పెంచుతున్నరు. పాత ఇండ్లు పల్లంలో పడ్డయి. వాన నీళ్లు, మోరీ నీళ్లు గోడ పాదానికే చేరుతున్నయి. అదే అయితే గోడను ఎంత మరమ్మతు చేసినా లాభం లేదు, నీళ్లకు దారి చూపాలె. గోడకు రెండు అడుగుల దూరంలో అడుగున్నర లోతు కాలువ తవ్వి, అడుగున కంకర పోసి, 4 అంగుళాల చిల్లుల పైపు పెట్టి, మోరీ కలిసే దిక్కు 10 అడుగులకు ఒక అంగుళం వాలు ఇవ్వండి. గోడ పునాది కన్నా లోతు తవ్వొద్దు, గోడ జారుతది. ఒకేసారి మొత్తం తవ్వొద్దు, నాలుగేసి అడుగుల చొప్పున తవ్వి పూడ్చుకుంటూ పోవాలె.

ఆ మూడు అడుగుల పూత మొత్తం గీకేసి, నెల రోజులు ఉత్తగ వదిలేయండి. తెల్లగా ఉప్పు తేలుతది. తడి గుడ్డతో తుడవొద్దు, ఉప్పు కరిగి మళ్ల లోపలికే పోతది. పొడి బ్రష్‌తో దులపాలె. తర్వాతనే మట్టి పూత, సున్నం.

దేవరకొండ పెంకుటిల్లు

కొలిచిన. రోడ్డు గచ్చు కన్నా ఏడు అంగుళాలు ఎత్తున్నది. కాలువ పని ముందు పెట్టుకుంటం.

మిర్యాలగూడ ఎలక్ట్రీషియన్

చెక్క బద్దీల వైరింగు అంటే అందులో చాలా వరకు అల్యూమినియం తీగ, ఎర్తింగు ఉండదు. అది పూర్తిగా తీసేయాలి. పాత తీగకు కొత్త రాగి తీగ మెలితిప్పి ముడి వేస్తే ఆ ముడి దగ్గర వేడెక్కి తొడుగు కాలుతుంది, పైన వాసాలన్నీ ఎండు కట్టెలు.

మీ లెక్క చూద్దాం. బల్బులు 200 వాట్లు, 8 ఫ్యాన్లు 600, 4 కూలర్లు 800, ఫ్రిజ్ 200, మిక్సీ 750, బోరు మోటరు 1,400, ఒక ఏసీ 1,600. మొత్తం 5,550 వాట్లు, అంటే 24 ఆంపియర్లు. ఒకటి రెండు కిలోవాట్లకు తీసుకున్న సర్వీసుతో ఇది నడవదు. స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు తీగ కూడా మార్చాల్సి వస్తుంది. మీ నల్గొండ జిల్లా దక్షిణ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కిందికి వస్తుంది. అదనపు లోడుకు దరఖాస్తు ఈ వారమే పెట్టండి, పెండ్లిళ్ల కాలంలో ఆలస్యం అవుతుంది.

తీగలు: లైట్లు, ఫ్యాన్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి, మోటరుకు 4 చదరపు ఎంఎం రాగి. మట్టి గోడను గాడి కొట్టి పైపు పెట్టవద్దు, గోడ బలం పోతుంది. పైన పీవీసీ పట్టీ వేయండి. స్లాబు గదుల్లో గాడి కొట్టే పని పూతకు ముందే కావాలి. మీటరు పక్కన 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్) తప్పనిసరి. తడి కాళ్లతో, తడి బట్టలతో అందరూ తిరిగే ఇల్లు అది. ఆర్‌సీసీబీ మీద పరీక్ష మీట ఉంటుంది, నొక్కితే వెంటనే పడిపోవాలి. పడకపోతే మార్పించండి. ఎర్తింగు పైపు కనీసం 2.5 మీటర్లు భూమిలోకి దిగాలి, ఎండాకాలం ఆ గుంతలో రోజూ రెండు బిందెల నీళ్లు పోయాలి.

పందిరి లైట్లు, మైకు, పందిట్లో కూలర్లు ఏవీ ఇంటి మీటరు మీద వేయవద్దు. వాటికి వేరే జనరేటరు, 15 కేవీఏ సరిపోతుంది. టెంటువాళ్లు ఇనుప పైపులకు తీగలు చుట్టేస్తారు, తొడుగు ఒరుసుకుపోయి పైపు మొత్తానికి కరెంటు వస్తుంది. తీగలు పైపుకు తగలకుండా కట్టించి, ఇనుప చట్రానికి కూడా ఎర్తు ఇవ్వండి.

నల్గొండ నీళ్లు

నీళ్ల మీద ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. దేవరకొండ, మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకకపోతేనే 1.5 దాకా ఒప్పుకోవచ్చు అన్నది భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం. బోరు నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కనుక తాగడానికే కాదు, పప్పుకు, బగారకు, పచ్చిపులుసుకు, చాయ్‌కి కూడా భగీరథ నీళ్లే వాడాలి. పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ తయారు చేసింది, దానికి పేరే నల్గొండ పద్ధతి. కానీ మోతాదు నీళ్ల గుణాన్ని బట్టి మారుతుంది. లగ్గం హడావుడిలో ఎవరో ఒకరు అందాజుగా పటిక వేసే పని పెట్టుకోవద్దు.

లెక్క ఇది: ఇంట్లో ఉండే 40 మందికి తలా 100 లీటర్లు, 4,000. వంట, గిన్నెలు కడగడం, చేతులు కడగడం కలిపి భోజనానికి 10 లీటర్ల చొప్పున 5,000. వచ్చిపోయేవాళ్ల మరుగుదొడ్లకు 2,500. మొత్తం 11,500 లీటర్లు. వైశాఖంలో బోరు ఆగి ఆగి పోస్తుంది, దాని మీద ఆధారపడితే మధ్యాహ్నం బంతికే నీళ్లు అయిపోతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు ముందే మాట్లాడి (మిగతా 1,500 నల్లా, బోరు మీద సర్దుకోవచ్చు), ఒకటి ముందురోజు రాత్రికే నింపిపెట్టండి. తాగడానికి మనిషికి 2 లీటర్లు వేసుకున్నా 20 లీటర్ల క్యాన్లు 50.

చేతులు కడిగే చోటుకు అంగుళం పైపు మీద 8 నల్లాలు బిగించండి. కింద 6 అంగుళాల పీవీసీ పైపును నిలువుగా సగానికి కోసి వాలుగా పెడితే నీళ్లు బురద కాకుండా పోతాయి. అవి పోవడానికి ఇంటికి దూరంగా 4 అడుగుల గుంత తవ్వాలి. ఊరి మోరీ ఆ నీళ్లను ఒక్కసారిగా మోయదు.

డ్రైనేజీ పని

ఒకే దొడ్డితో 500 మంది అంటే కాదు సార్. కనీసం నాలుగు తాత్కాలిక దొడ్లు కిరాయికి తెప్పించాలి, అందులో రెండు ఆడవాళ్లకు వేరుగా, పందిరికి వెనక పక్కన, వెలుతురుతో.

సెప్టిక్ ట్యాంకు మూత తెరిచి చూస్తే నిండా నీళ్లు కనబడతాయి. అది మామూలే, ఎప్పుడూ బయటికి పోయే పైపు మట్టం దాకా నిండే ఉంటుంది. చూడాల్సింది అడుగున పేరుకున్న మడ్డి. పొడవాటి కర్రకు తెల్ల గుడ్డ చుట్టి అడుగు దాకా దించి, రెండు నిమిషాలు ఆగి తీయండి. నల్లగా అంటిన ఎత్తు మొత్తం లోతులో మూడో వంతు దాటితే ఖాళీ చేయించాలి. లగ్గానికి మూడు వారాల ముందు యంత్రం బండితోనే చేయించండి. మనిషిని లోపలికి దింపొద్దు, రక్షణ సామగ్రి లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, లోపలి వాయువుకు నిమిషాల్లో ప్రాణం పోతుంది. వంగి తొంగి చూడ్డం కూడా వద్దు, దగ్గర్లో బీడీ కాల్చొద్దు. ఖాళీ అయ్యాక నీళ్లతో నింపి, ఇంకుడు గుంత పీలుస్తుందో లేదో చూడండి. ఒకేసారి 500 లీటర్లు వదిలితే గంటలో నీళ్లు తగ్గాలి. తగ్గకపోతే గుంత చుట్టూ మట్టి మూసుకుపోయింది, రెండోది తవ్వాలి.

వనపర్తి రంగులు

స్లాబు గదులకు పుట్టీ, ప్రైమర్, ఎమల్షన్ మంచిదే. కొత్త సిమెంటు పూత వేస్తే మాత్రం 28 రోజులు ఆరనిచ్చి రంగు వేయాలి, లేకపోతే పూతలోని క్షారం రంగును కొరికేసి మరకలు తేలతాయి. మట్టి గోడలకు కూడా ఎమల్షనే వేయొచ్చు, సున్నం బట్టలకు అంటుతుంది కదా?

గద్వాల అక్క

తమ్ముడూ, ఎమల్షన్ కూడా పొరే. సిమెంటు చేసే పనే నెమ్మదిగా చేస్తుంది, చెమ్మ గోడ మీద బుడగలు లేస్తాయి. సున్నం బట్టలకు అంటడం కలిపే విధానంలో లోపం. రాతి సున్నం కిలోకు 5 లీటర్ల నీళ్లు, ఇనుప డ్రమ్ములో, ప్లాస్టిక్ బకెట్లో కాదు. సలసల కాగుతుంది, మొహం దూరం పెట్టి కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. రెండు రోజులు నానాక గుడ్డతో వడగట్టి బంక కలపాలి. పలుచగా మూడు చేతులు వేస్తే అంటదు. చిక్కగా ఒక్క చెయ్యి వేస్తేనే పొడి రాలుతుంది.

సున్నం గోడతో ఒక జాగ్రత్త ఉంది. నలుగుల రోజు పసుపు చేతులు తగిలితే ఆ చోట పసుపు ఎర్రబడుతుంది, సున్నం క్షారం కాబట్టి. అందుకే కింద రెండు అడుగులు ఎర్ర జాజు పట్టీ వేయడం, పైన ముగ్గు గీతలు తీయడం. మరకా కనబడదు, లగ్గం కళా వస్తుంది. గడపకు మాత్రం ఆయిల్ పెయింట్ వేయవద్దు. నున్నటి రంగు మీద పసుపు నిలవదు, ఆరగానే పొరలుగా రాలిపోతుంది.

ఐరేణి కుండలు ఏ అర్రలో పెడతారో ఇప్పుడే పెద్దవాళ్లను అడిగి తేల్చుకోండి. ఆ అర్ర నడక దారి కాకూడదు, సామాన్ల గది కాకూడదు. మైలపోలు తీసే చోట, స్నానాలు చేయించే చోట నీళ్లు మోరీకి పోయే వాలు ఉందో చూడండి. లేకపోతే అవన్నీ మీరు బాగు చేసిన గోడ పాదానికే పోతాయి. పసుపు కొట్నాలప్పుడు రోలును నేరుగా షాబాద్ బండ మీద పెట్టకండి. కింద డొల్ల ఉంటే బండ రెండుగా చీలుతుంది. ఇసుక బస్తా పరిచి దాని మీద పెట్టండి.

తాండూరు బండలు

అక్క బండల మాట తెచ్చింది కాబట్టి చెబుతున్నా. షాబాద్, తాండూరు రెండూ సున్నపు రాయి జాతే. మరకలు పోవాలని దొడ్లు కడిగే యాసిడ్ పోస్తే బుసబుస నురగ వస్తది. అది మరక పోతున్న నురగ కాదు, రాయి కరుగుతున్న నురగ. మెరుపు పోయి గరుకు పడుతది, ఆ తర్వాత మరింత మురికి పడతది. సబ్బు నీళ్లు, కొబ్బరి పీచు, మొండి మరకలకు పాలిష్ మిషను. కదిలే బండలు కర్రతో కొట్టి చూసి గుర్తుపెట్టి, తీసి కింద ఇసుక, సున్నం కూరి మళ్లీ పరచాలి. పాలిష్ కరెంటు పని అయ్యాక, సున్నాలకు ముందు. మిషను నీళ్లు గోడ మీద అడుగు ఎత్తు చిమ్ముతది.

జడ్చర్ల టెంటు

వైశాఖంలో సాయంత్రం ఈదురుగాలి ఉన్నట్టుండి లేస్తది, వడగండ్లు కూడా పడతయి. పందిరి తాళ్లు ఇంటి వాసాలకు, పిట్టగోడకు కట్టనీయొద్దు. గాలి పందిరిని లేపితే పెంకలు కూడా లేస్తయి. గుంజలు రెండు అడుగుల లోతు పాతి, బయటి గుంజలకు ఏటవాలుగా మోకులు కట్టి ఇనుప మేకులు దిగ్గొట్టించండి. కరెంటు తీగల కింద పందిరి అసలే వద్దు. మామిడి, అల్లనేరేడు కొమ్మలు ముందురోజు పొద్దుగూకినంక కట్టండి, ఆ ఎండకు ఒక్క దినంలోనే గలగల ఎండుతయి. వాటికి హాలోజన్ లైట్లు ఆనించి కట్టనీయొద్దు.

గాడిపొయ్యి, 19 కిలోల సిలిండర్లు పందిరికి కనీసం 30 అడుగుల దూరంలో, రేకుల కింద. బట్ట కింద వంట వద్దు. పక్కనే 200 లీటర్ల నీళ్ల డ్రమ్ము, నాలుగు బకెట్ల ఇసుక. కాగిన నూనె అంటుకుంటే నీళ్లు కొట్టొద్దు, మూత వేసి గ్యాసు బంద్ చేయాలె. మైకు రాత్రి 10 దాటినంక బంద్, అది చట్టం.

దేవరకొండ పెంకుటిల్లు

చాలా మేలు చేసిన్రు. ఇంకొక రెండు. వేడికి మగవాళ్లందరూ స్లాబు మీద పండుకుంటరు. పిట్టగోడ రెండు అడుగులే ఉన్నది, ఒకచోట ఊగుతున్నది. లోపల వంటింటి కప్పుకు పెచ్చు ఊడి తుప్పు పట్టిన సలాక కనబడుతున్నది. దాని మీద పండుకోవచ్చా? జనరేటరు కరెంటు ఇంటికి కూడా ఇచ్చుకోవచ్చా?

పాలమూరు సుతారి

వంటింటి మీది భాగానికి మనుషులను పోనీయొద్దు, నీళ్ల ట్యాంకు ఉంటే అది కూడా దించాలె. సలాక తుప్పు పడితే ఉబ్బి కాంక్రీటును తోస్తది, ఊడింది ఒక పెచ్చే అయినా చుట్టూ రెండు మూడు అడుగులు డొల్ల ఉండొచ్చు. సుత్తితో తట్టి డొల్ల ఉన్నకాడికి కొట్టేసి, సలాకను ఇనుప బ్రష్‌తో తెల్లగా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన గారతో నింపాలె. సలాక మందం నాలుగో వంతు పోయి ఉంటే ఇంజనీరును పిలవండి. ఆ స్లాబు మీద నీళ్లు నిలబెట్టి లీకు పరీక్ష చేయొద్దు. మిగిలిన గది మీద చేయొచ్చు, ఒక అంగుళం నీళ్లు, రెండు రోజులు. బాగున్న స్లాబుకు పైన తెల్ల సున్నం రెండు చేతులు వేస్తే కింద వేడి తగ్గుతది.

ఊగే పిట్టగోడ కూల్చి కొత్తది కట్టండి, మూడున్నర అడుగులు. టైం లేదంటే మూడున్నర అడుగుల ఇనుప గ్రిల్లు స్లాబులో బోల్టులతో దించాలె. పాత గోడ మీదనే ఇటుక వరుసలు పెంచొద్దు, బారాత్ చూడ్డానికి పది మంది ఒకేసారి ఆనుకుంటే గోడ కిందికి పోతది.

మిర్యాలగూడ ఎలక్ట్రీషియన్

జనరేటరు ఇంటికి ఇవ్వొచ్చు, కానీ చేంజోవర్ స్విచ్ పెట్టి మాత్రమే. అది ఒక పక్క కలిస్తే రెండో పక్క తప్పనిసరిగా తెగిపోవాలి, న్యూట్రల్‌తో సహా. ప్లగ్గులో తీగ గుచ్చి ఎక్కిస్తే ఆ కరెంటు మీటరు గుండా స్తంభం మీదికి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ గుండా 11 కేవీ తీగల్లోకి వెనక్కి పోతుంది. లైను పోయిందని స్తంభం ఎక్కిన లైన్‌మన్ అక్కడే ప్రాణం వదులుతాడు. చేంజోవర్ మీటరు తర్వాత, ఆర్‌సీసీబీకి ముందు ఉండాలి. లోడు దరఖాస్తుకు పోయినప్పుడే జనరేటరు పెడుతున్నామని మీ లైన్‌మన్‌కు కూడా చెప్పండి.